గూడెంవాళ్ళని అడగకుండా రాసిన కాగితం

మొన్న మనవరాలి పుట్టినరోజని పంజాగుట్టలో కొత్తగా పెట్టిన ఒక పెద్ద హోటలుకి నన్ను కూడా తీసుకెళ్ళారు. గుమ్మం దగ్గర ఒకతను ఒళ్ళంతా బూడిదరంగు పూసుకుని, నెత్తిన ప్లాస్టిక్ నెమలీకల కిరీటంతో వచ్చినవాళ్ళందరికీ వంగి వంగి దండాలు పెడుతుంటే, పిల్లలు ఆ కిరీటం లాక్కుని ఫోటోలు దిగుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది, కంచం పక్కకి నెట్టేశాను. పెద్దతనంతో చాదస్తం పెరిగిందని మావాళ్ళు నవ్వుకున్నారు గాని, ఆ మంట ఈనాటిది కాదు, అందులో సగం నా మీద నాకున్నదే.

కోచింగు సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఆకాశం కనపడనివ్వని ఆ రోజుల అమీర్‌పేట మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. యూసుఫ్‌గూడలోని అద్దె ఇంటి నుంచి నేను రోజూ ఆ బోర్డుల కిందుగా నడిచి పంజాగుట్టలో ఒక ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళేదాన్ని. కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలొచ్చిన పిల్లలకి చేతినిండా జీతం, వారానికి రెండు రోజులు సెలవు, ఎక్కడికైనా పోవాలన్న తహతహ. తిరుపతి, షిరిడీలతో విసుగెత్తిన మా యజమాని ఆదిలాబాద్ అడవుల్లోని ఒక గోండు గూడేనికి యాత్ర వేద్దామని, దానికో ప్రకటన రాయమని నాకు పురమాయించాడు. నాలుగు ముక్కలు బాగా రాస్తానని నాకు పేరు. ఆ గూడెం ముఖం చూడకుండానే, గోండుల గురించి ఒక్క అక్షరం తెలియకుండానే, 'నాగరికత సోకని అమాయకులు' అనీ, 'నెమలీకల కిరీటం ధరించి ఫోటో దిగండి' అనీ రాసేశాను. చాలా బాగుందని అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను కూడాను.

మొదటి బస్సులో ఆడపిల్లలు ఎక్కువగా ఉన్నారని తోడుగా నన్నూ పంపారు. యజమానీ వచ్చాడు. ముందురోజు రాత్రి దగ్గరి ఊళ్ళో లాడ్జిలో దిగి, ఆదివారం పొద్దున్నే గూడెం చేరాం. మా భోజనం మాతోనే వచ్చింది, నీళ్ళ సీసాలూ మాతోనే వచ్చాయి. గూడెంవాళ్ళు చేసినవని చెప్పి బస్సులో అమ్మిన పూసల దండలు కూడా యజమాని నగరంలో కొనుక్కొచ్చినవే. ఇంత ఆర్భాటంలో ఆ గూడేనికి మేం తెచ్చిందల్లా రెండు అట్టపెట్టెల బిస్కెట్లు. మావాళ్ళు చెప్పులతోనే ఇళ్ళల్లోకి దూరి, కుండల మూతలు తీసి చూసి, నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళని ఇటు తిరగండి, అటు తిరగండి అంటూ ఫోటోలు తీశారు. గడప దగ్గర చెప్పులు విడిచింది మా డ్రైవరు భాయ్ ఒక్కడే.

గూడెం పెద్దాయన ఇంట్లో దూలానికి గుడ్డలో చుట్టిన కిరీటం వేలాడుతోంది. దీపావళి ముందు వచ్చే దండారీ పండుగలో ఒంటికి బూడిద పూసుకుని, దేవుడి రూపంగా ఆడే గుస్సాడీలు ధరించే కిరీటం అది. దాన్ని దించమని యజమాని అడిగాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. యజమాని నోటు తీసి చూపించాడు. ఆ ముసలాయన కోపం తెచ్చుకోకుండా, నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు:

"మీ ఇంట్ల దేవుణ్ని పీట మీదికెల్లి దించి, వచ్చినోళ్ల చేతుల పెడ్తరా అమ్మా?"

యజమాని మాత్రం ఇందులో రాసి ఉందంటూ ప్రకటన కాగితం ఆడించాడు. పదో తరగతి దాకా చదువుకున్న పెద్దాయన కోడలు అప్పటిదాకా తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆమె ముందుకొచ్చి ఆ కాగితం అందుకుని, గూడెం అంతా వినేట్టు మొదటి నుంచి చివరిదాకా చదివింది, ఒక్కో వాక్యాన్నీ తమ భాషలోకి మార్చి చెబుతూ. 'అమాయకులు' దగ్గర ఆగింది.

"గిది రాసింది ఎవరు?"

యజమాని నేల చూపులు చూశాడు. నేనే రాశానన్నాను.

"మమ్ముల చూడకముందే గిట్ల ఎట్ల రాస్తివక్కా?"

ఆ మాటలో తిట్టు లేదు, తిట్టినా బాగుండేది. మావాళ్ళందరి వైపు తిరిగి, తప్పు నాదనీ, కిరీటం ఎవరూ అడగొద్దనీ, చెప్పులు విడవమనీ గట్టిగా చెప్పాను. నా గొంతు అంత పైకి లేవడం నేనూ అంతకుముందు వినలేదు. తర్వాత ఆ కోడలి పక్కన చాప మీద కూర్చుని, నువ్వయితే ఏం రాస్తావని అడిగాను. పది మందికి మించి రావద్దని, తమ పొయ్యి మీది జొన్నరొట్టెనే తినాలని, కిరీటం చూడాలంటే దండారీకే రావాలని, వచ్చినవాళ్ళు ఇచ్చేది ఆడవాళ్ళ సంఘానికే చేరాలని ఆమె చెబుతుంటే అదే కాగితం వెనక రాసుకున్నాను.

సోమవారం అది చూసి యజమాని, "ఏంటి మేడమ్, చెప్పులు విప్పించి జొన్నరొట్టె పెడితే ఎవడొస్తాడండీ?" అన్నాడు. ఆ నెలలోనే ఆ ఉద్యోగం మానేశాను.

ఎవరొస్తారని ఆయన అడిగాడా, కోడలు చెప్పినట్టే రాసి నేను సొంతంగా అంటించిన కాగితం చూసి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్ నుంచి ఆరుగురు అమ్మాయిలు వచ్చారు! ఆర్టీసీ బస్సులో వెళ్ళి రెండు రోజులుండి వచ్చాం. వాళ్ళు చెబితే మరికొందరు. అలా చాలా ఏళ్ళు సాగింది. వానకి కారే బడి కప్పు ఆ డబ్బుతోనే సంఘంవాళ్ళు బాగు చేయించుకున్నారు. అంతకన్నా నన్ను కదిలించింది మరొకటి. మీ వంశం కథేంటని మేమడిగితే జవాబు తెలియక సిగ్గుపడిన గూడెం యువకులు, మేం వెళ్ళిపోయాక పెద్దాయన దగ్గర కూర్చుని తమ వంశం పాటలు నేర్చుకున్నారట. దండారీ నాడు ఆ కిరీటాన్ని డోళ్ళ మోత మధ్య గుస్సాడీల తల మీద చూశాను. చేతులు వాటంతటవే జోడయ్యాయి.

తర్వాత రోడ్డు వెడల్పయింది, దాని వెంబడే ఒక రిసార్టు వచ్చింది. అప్పటికే చనిపోయిన పెద్దాయన బొమ్మని ఎవరినీ అడక్కుండా గేటు మీద పెద్దది చేసి పెట్టారు. తీసెయ్యమని కోడలు వెళ్ళి అడిగితే, మీకు ఊరికే పేరొస్తుంటే బాధేంటని ఎదురడిగారట. ఎండాకాలంలో పండుగా పబ్బమూ లేకుండా, భోజనాలు చేసేవాళ్ళ ముందు గుస్సాడీ ఆడిస్తున్నారు. కూలి కోసం వెళ్ళే గూడెం పిల్లల్ని నేనేమీ అనలేను. వాళ్ళ దేవుణ్ని పులుసుకీ పెరుగుకీ మధ్య వినోదం చేసినవాళ్ళని మాత్రం ఈ జన్మకి క్షమించలేను.

ఈమధ్య కోడలు ఫోన్ చేసి, రిసార్టుకి వచ్చేవాళ్ళు మస్తుమంది ఉన్నారనీ, గూడెంలోకి మాత్రం ఎవరూ రావడం లేదనీ చెప్పింది. ఆ ఆరుగురు అమ్మాయిలతో మొదలైన ఆ తొలి యాత్రల్లో మాకు దారి సరిగా తెలిసేది కాదు. ప్రతి మలుపులో ఎవరో ఒకరిని ఆపి అడగాల్సి వచ్చేది, అడిగినవాళ్ళు మా ఊరూ పేరూ అడిగేవారు, కాస్త మంచినీళ్ళిచ్చేవారు, గూడెం చేరేసరికే సగం చుట్టాలమయ్యేవాళ్ళం. ఇప్పుడు దారి అందరి చేతిలోని ఫోనే చెప్పేస్తోంది. ఎవరినీ ఏమీ అడగకుండానే అడవి నడిబొడ్డు దాకా వెళ్ళి రావచ్చు.