చచ్చి లేచి అడిగిన మాట

యుద్ధం రోజుల్లో మా నరసరావుపేట నాటక సమాజం ఒక పారశీక కథను ఆడింది. కరువు తీరాలని తండ్రి కూతుర్ని బలి ఇస్తాడు. ఆడవేషాలు వేసేవాణ్ని కాబట్టి ఆ కూతురి వేషం నాది. కథ చెప్పిన ఫార్సీ మాస్టారు, ఇప్పుడు ఆ దేశంలో రాసే నాటకాల్లో పిల్ల "నేనే ఎందుకు?" అని అడుగుతుందన్నారు. ఆ మాట ఉండాలని పట్టుబట్టాను. సమాజం పెద్ద ఆ మాట కొట్టేశాడు.

"త్యాగం చేసే పిల్ల నోరెత్తుద్దేందిరా? పద్యం పాడి పడిపో" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

మాచర్లలో ఆడిననాడు పద్యం పాడి చచ్చాను. జనం "వన్స్‌మోర్" అన్నారు. ఆనవాయితీ ప్రకారం లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చాను. మళ్ళీ వన్స్‌మోర్! తెర పక్కనుంచి పెద్ద "లెగరా, లెగు" అంటున్నాడు. లేచాను గానీ పాడలేదు. తండ్రి వేషగాడివైపు తిరిగి, "నేనే ఎందుకు నాన్నా? ఈసారి నువ్వు చావు" అన్నాను.

ముందు వరసలో ఒక ముసలమ్మ, "బిడ్డ అడుగుతుంటే చెప్పవేందయ్యా?" అని అరిచింది. తండ్రి వేషగాడు తెర పక్కనున్న పెద్దవైపు చూశాడు.

క్షమాపణ చెబితేనే మళ్ళీ వేషమన్నారు సమాజంవాళ్ళు. నేను చెప్పలేదు. ముసలమ్మకు వాళ్ళే ఇంకా జవాబు చెప్పాలి.