నేను మార్చి చెప్పిన మాట

తొమ్మిదేళ్ళు నా గొంతులో ఒక మాట ఇరుక్కుని ఉండింది. రెండే ముక్కలు. నా భాష కూడా కాదు, అరవం. అన్నం మింగేవాణ్ణి, మాత్రలు మింగేవాణ్ణి, ఆ మాట మాత్రం దిగేది కాదు. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళ ముందు కూర్చుంటే నా నోరు మళ్ళీ అబద్ధం వైపే తిరుగుతుంది.

మాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర పని నాది. సీజన్ వస్తే తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడిపోతాయి. ఆ రెండు నెలలు నాకు ఇల్లు గుర్తుండదు. అట్లాంటి ఒక సీజన్‌లో మా పాపకు జ్వరం వచ్చింది. పదకొండేళ్ళది. మాకు ఒక్కతే బిడ్డ. నా భార్య సరళ మొదటి రోజే పెద్దాసుపత్రికి పోదామంది. రేపు పోదాం అన్నాను. రెండో రోజూ అదే మాట అన్నాను. మూడో రోజు తీసుకుపోతే డెంగీ అన్నారు, ఆలస్యం చేశారన్నారు. ఐదో రోజుకు పాప లేదు.

అది మొదటి తప్పు. సీజన్ గదా, ఆయప్ప మాత్రం ఏం చేస్తాడు అని ఊరు దాన్ని వదిలేసింది. నేను ఇన్నాళ్ళూ దాచింది అది కాదు. ఆ మొదటి తప్పు రోజూ నా చెవిన పడకుండా ఉండడానికి చేసిన రెండో తప్పు.

మా వైపు ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. ఏడుస్తూ జరిగిందంతా చెప్పుకుంటారు. బిడ్డ ఏం అడిగింది, ఏం తినింది, ఎవరు ఏమన్నారు. సరళ కూడా అట్లాగే ఏడ్చేది. ఆ ఏడుపులో ప్రతిసారీ ఒకచోట “రేపు” అనే మాట వచ్చేది. “రేపు రేపు అని మీ నాయన అంటా ఉంటే నువ్వు నిజమనుకుంటివే తల్లీ” అనేది. గోడ పక్కన వాళ్ళు వినేవాళ్ళు. నేను చెప్పులేసుకుని బయటికి పోయేవాణ్ణి. సీజన్ అయిపోయాక కూడా, కాటా మీద ఒక్క బండి లేకపోయినా, పోయి అక్కడ కూర్చునేవాణ్ణి.

మూడు నెలలకు సరళ తిండి మానేసింది. మా డాక్టరు సరిహద్దు దాటి అరవ ఊళ్ళో ఉన్న పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. అక్కడ మనసు బాగా లేనివాళ్ళతో మాట్లాడే కౌన్సెలింగ్ మేడం ఉంది. ఆమెకు తెలుగు రాదు. సరళది పీలేరు వైపు, అరవం ఒక్క ముక్క రాదు. నేను సరిహద్దు పల్లెలో పెరిగినవాణ్ణి, రెండూ వచ్చు. కాబట్టి ఇద్దరి మధ్యలో నన్ను కూర్చోబెట్టారు.

సరళ అరగంట మాట్లాడింది. జ్వరం వచ్చిన పొద్దు మొదలుకొని అంతా చెప్పింది. రెండుసార్లు నా వైపు వేలు చూపించింది. నేను అరవంలో చెప్పింది ఇంతే: నిద్ర పట్టడం లేదంట, ఆకలి కావడం లేదంట. మేడం నన్ను కొంచెంసేపు చూసింది. అంతేనా అని అడిగింది. అంతే అన్నాను.

అప్పుడు ఆమె నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. వేళకు తినాలని, తెల్లవారి నడవాలని. అవన్నీ సరిగ్గానే చెప్పాను. తర్వాత ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, సరళ చెయ్యి పట్టుకుని, నాతో అన్నది: “అళ విడుంగ.”

సరళ నా వైపు తిరిగింది. “విడు అంటాది గదా? ఏం విడవమంటాది?”

అళ విడుంగ అంటే ఏడవనివ్వండి అని. ఆపకండి అని. ఆ మాట నాకు స్పష్టంగా అర్థమయింది. కానీ సరళే ఒక దారి చూపించినట్టయింది. విడవమంటాది.

“ఏడుపు విడవమంటాది మే” అన్నాను. “ఏడిస్తే జబ్బు ముదురుతాదంట.”

సరళ మేడం ముఖం చూసింది. మేడం నవ్వి తల ఊపింది. తన మాటే చేరిందనుకుంది పాపం. సరళ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. “సరే. సదువుకున్న తల్లి చెప్తా ఉండాది” అంది. అంతే. ఆ తర్వాత నేను ఆమె కన్నీళ్ళు చూడలేదు.

ఎందుకు చేశాను? ఆమె ఆరోగ్యం కోసమే అని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నిజమేనా? కాదు. ఆ ఏడుపులో నా పేరు ఉంది. దాన్ని ఆపడానికి ఒక డాక్టరమ్మ నోరు వాడుకున్నాను. నేను ఏడవద్దంటే సరళ వినేది కాదు. ఆమె అన్నదంటే వింది.

నాలుగేళ్ళ కిందట సరళ తల్లి చనిపోయింది. పీలేరులో శవం దగ్గర అందరూ గుండెలు బాదుకుంటుంటే సరళ ఒక పక్కన పళ్ళు బిగబట్టి కూర్చుంది. “కన్నతల్లి పోయినా కంట్లో తడి లేదే, యాడ పుట్టినాదో ఈ రాయి” అని ఆమె పెద్దమ్మ అందరి ముందూ అన్నది. సరళ నన్ను చూసి, మెల్లగా, “మేడం వద్దనింది గదా” అన్నది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. అంతమంది మధ్యలో ఏం చెప్తాంలే అనుకున్నాను. ఇంటికొచ్చాక ఎవరూ లేరు. అప్పుడూ చెప్పలేదు.

ఈ ఏడాది నాకు నిద్ర దూరమయింది. గుండె దడ. తిరుపతిలో డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, గుండె బాగుంది, కౌన్సెలింగ్‌కు పోండి అన్నాడు. ఇక్కడి మేడం తెలుగే మాట్లాడింది. మధ్యలో ఎవరూ లేరు. పాప సంగతి చెప్పాక, “మీ ఆవిడ ఏడుస్తారా?” అని అడిగింది. లేదండీ, చాలా గట్టి మనిషి అన్నాను. అలవాటైన జవాబు. గంట కాకముందే లేచి వచ్చేశాను. ఇంటికి చేరేదాకా బస్సులో ఆ రెండు ముక్కలే నాలుక మీద తిరిగాయి.

నిన్న సాయంత్రం చెప్పేశాను. సరళ చాటలో బియ్యం ఏరుతోంది. మేడం అన్నదేమిటో, నేను చెప్పిందేమిటో, సరళ చెప్పినదాంట్లో నేను దాచిందేమిటో, అన్నీ చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు. ఒక మట్టిబెడ్డ తీసి పక్కన పెట్టింది. అప్పుడు అడిగింది:

“ఆయమ్మ ఇంకేం చెప్పినాది?”

ఆ రోజు నేను చెప్పకుండా వదిలేసిన మిగతాది తొమ్మిదేళ్ళ తర్వాత చెప్పాను. దినామూ ఒక గంట పాప గురించి మాట్లాడుకోమంది. ఆ గంట నన్ను నోరెత్తకుండా వినమంది. పదిహేను దినాలకు మళ్ళీ రమ్మంది.

“పదిహేను దినాలకా” అన్నది సరళ. చాట ఎత్తుకుని లోపలికి పోయింది.

ఈ రోజు తెల్లవారి ఎప్పటిలాగే నడకకు పోయింది. ఆ రోజు నేను మార్చకుండా చెప్పిన వాటిలో ఆ నడక ఒకటి. ఇంకా రాలేదు. రాత్రి ఏడ్చిందో లేదో నాకు తెలియదు. అడిగే మొహం నాకు లేదు. ఆ రెండు ముక్కలు మాత్రం నా గొంతులో లేవు. చేరాల్సిన మనిషికి చేరాయి. వసారాలో రెండు కుర్చీలు వేసి, ఒకదాంట్లో నేను కూర్చున్నాను. ఆమె వచ్చి కూర్చుంటే వింటాను. “రేపు” అనే మాట దగ్గరికి వచ్చినప్పుడు లేచిపోకుండా వింటాను.