బర్రెకు దిష్టి తీసిన బ్లాగర్లు

ఆ రోజుల్లో తెలుగులో బ్లాగులు రాసేవాళ్ళం కొద్దిమందిమే. ఒకరి టపా కింద ఇంకొకరం వ్యాఖ్యలు రాసుకుంటూ, మొహాలు చూసుకోకపోయినా ఎవరింట్లో ఎవరికి ఏ కూర గిట్టదో తెలిసేంత దగ్గరయ్యాం. అసలు పేర్లు మాత్రం ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. అందరివీ కలం పేర్లే. నేనూ నా కలం పేరు వెనక హాయిగా దాక్కున్నాను. ఆఫీసులో మా సూపరింటెండెంటు గురించి రాసుకోవాలంటే ఆమాత్రం చాటు ఉండాలి మరి.

కబుర్లు కరువైనప్పుడల్లా మాకు వాతావరణం ఉండేది. విశాఖ నుంచి ఒక మాస్టారు ఉక్కపోతను తిట్టేవారు. బెంగుళూరు నుంచి ఒకావిడ ఆరని బట్టల గురించి గోల పెట్టేది. వీళ్ళందరిలోకీ మాకు ముద్దొచ్చేది మంచుగారు. అది మేం పెట్టుకున్న పేరు. ఏ దేశమో చెప్పరు, ఎప్పుడు చూసినా మంచే. తలుపు తీస్తే గడపదాకా పేరుకున్న మంచు, కిటికీ అద్దం మీద వేలితో రాసిన పేరు, గుమ్మంలో తడిసిన బూట్లు. ఆడో మగో కూడా తెలియదు. తెలుగులో ‘గారు’ ఉంది కాబట్టి నెట్టుకొచ్చాం. హైదరాబాదు గౌలిపురలో మేడమీది రెండు గదుల్లో, ఏప్రిల్ నెలలో భుజాల మీద తడి తువ్వాలు వేసుకుని ఆ టపాలు చదువుతూ నేను కుళ్ళుకునేదాన్ని.

ఆ మేడ కింద మా ఇంటి ఓనరు ఉండేది. వాడంతా ఆమెను అవ్వ అనేది, మేమూ అదే అలవాటు చేసుకున్నాం. పెనిమిటి పోయాక పాల వ్యాపారం ఒక్కతే నడిపింది. వాకిట్లో రేకుల కొట్టం, అందులో గేదెలు. నేనూ మావారూ గోదావరి జిల్లా నుంచి ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళం. నేను గేదె అంటే ఆమె బర్రె అనేది. ఎవరి మాట వాళ్ళం వదల్లేదు, పాలు మాత్రం రోజూ సక్రమంగా వచ్చేవి. పొద్దున్నే మెట్ల మీద గిన్నె పెడితే చాలు, తిరిగి చూసేసరికి నిండి ఉండేది.

ఆ వేసవిలో బ్లాగుల్లో ఒక ఆట మొదలైంది. మీ ఇంటి గురించి ఎవరికీ తెలియని ముచ్చట్లు నాలుగు చెప్పి, తరవాతి మనిషిని పిలవాలి. ఒకాయన పెరుగన్నంలో బెల్లం నంజుకుంటానని చెప్పుకున్నాడు. ఒకావిడ ఉరుము ఉరిమితే ఇప్పటికీ మంచం కిందికి దూరుతుందట. నా వంతు వచ్చింది. నా దగ్గర అంత గొప్ప సంగతులేవీ లేవు. అందుకని కింద కొట్టంలో ఉన్న నల్ల గేదెను పెట్టాను. పైనుంచి ఫోటో తీసి, దాని కొమ్ముల వంపు చూడండి, నిగనిగలాడే ఒళ్ళు చూడండి, ఇంకొద్ది రోజుల్లో ఈనబోతోంది, మొదటి జున్ను మాకే అని రాశాను. ఆ ఒక్క టపాకు వచ్చినన్ని వ్యాఖ్యలు నా కవితలన్నిటికీ కలిపి రాలేదు. కవుల లోకం అంతే.

ఆ వారంలోనే ఒక ఆదివారం మధ్యాహ్నం ఆకాశం ఉన్నట్టుండి నల్లబడింది. ముందు దుమ్ము, తరవాత చల్లగాలి, ఆ వెనకే రాళ్ళు. హైదరాబాదులో అప్పుడప్పుడూ రాళ్ళవాన పడేదే గాని, ఇలాంటిది వాడలో ముసలివాళ్ళు కూడా చూడలేదన్నారు. కొట్టం రేకుల మీద పడుతుంటే పక్కనున్న మనిషి మాట వినపడలేదు. కాసేపటికి గల్లీ మొత్తం తెల్లగా అయిపోయింది. నేను వసారాలో పడ్డ రాళ్ళు ఏరి, స్టీలు డబ్బాలో పోసి ఫ్రీజర్లో పెట్టాను. ఎందుకంటే ఏం చెప్పను? జన్మలో మొదటిసారి మంచుగారికి సమానంగా నా దగ్గరా ఏదో ఉందనిపించింది.

ఇంతలో కింద కేకలు. గాలికి కొట్టం రేకు ఒకటి లేచిపోయింది. నల్ల గేదె బెదిరి, పలుపు తెంపుకుని గల్లీలోకి పరిగెత్తింది. ఆ రాళ్ళ మీద కాళ్ళు జారి, మురుగు మోరీ మీది బండ దగ్గర పక్కకు పడిపోయింది. వాడ మగవాళ్ళంతా గోనెపట్టాలు, వెదురుబొంగులు తెచ్చి దాన్ని కొట్టంలోకి చేర్చేసరికి వాన వెలిసింది.

పశువుల డాక్టరు వచ్చాడు. కాళ్ళేం విరగలేదన్నాడు, ఇంజక్షన్లు ఇచ్చాడు. కడుపులో దూడ కదులుతోంది, కానీ తల్లి లేచి మేత తినకపోతే రెండూ దక్కవని చెప్పి వెళ్ళాడు. అవ్వ దగ్గరున్న మిగతా గేదెలన్నీ అప్పటికే వట్టిపోతున్నాయి. ఇది ఈనితేనే ఆమెకు ఆ ఏడు పాల వ్యాపారం ఉంటుంది. అది వాడలో అందరికీ తెలుసు.

ఆ రాత్రికే నేను జరిగిందంతా బ్లాగులో రాశాను. మర్నాడు చూస్తే ఎక్కడెక్కడివాళ్ళో గేదె ఎలా ఉందని అడుగుతున్నారు. నాకు గుండె నిండిపోయింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, గేదె పక్కన కూర్చున్న అవ్వను ఓదారుద్దామని ఆ మాటే చెప్పాను. ‘నీ గేదె కోసం ఎన్ని ఊళ్ళవాళ్ళు బాధపడుతున్నారో తెలుసా అవ్వా? ఫోటో చూసి అందరూ ఎంత మెచ్చుకున్నారో!’

అవ్వ చేతిలో గడ్డిపరక ఆగిపోయింది.

‘ఏందీ? సూడి బర్రెను ఫోటో దీసి దునియకంత సూపెట్టినవా?’

‘మంచివాళ్ళే అవ్వా, అంతా నా స్నేహితులే.’

‘పాలిచ్చే గొడ్డు ముచ్చట పక్కింటోళ్ళకే చెప్పం మేము. నరుని కంటికి నల్లరాయి పగులుతదంటరు. గంతమంది కండ్లు వడితే ఇగ బతుకుతదా అది?’

అప్పటికిగాని నాకు కొట్టం గుమ్మానికి వేలాడే పాత చెప్పు, గేదె మెడలో నల్లతాడు ఎందుకున్నాయో తట్టలేదు. తట్టినా ఒప్పుకునే రకాన్ని కాదు నేను. రాళ్ళవాన ఊరంతా పడిందన్నాను. మాదన్నపేట మార్కెట్లో టమాటాలన్నీ నుజ్జయ్యాయి, వాటికి నేనేమైనా ఫోటో తీసి పెట్టానా అన్నాను. మర్నాడు పొద్దున మెట్ల మీద నా గిన్నె బోర్లించి ఉంది.

నాకు ఒళ్ళు మండింది. పాల ప్యాకెట్టు కొనుక్కొచ్చి ఆమె ఎదురుగానే మెట్లెక్కాను. ఇద్దరం ఇద్దరమే. కానీ కిటికీ తెరిస్తే కనపడేది ఆ కొట్టమే. అవ్వ తవుడు ముద్ద చేసి గేదె నోటి దగ్గర పెడుతోంది, అది మొహం తిప్పుకుంటోంది, మళ్ళీ పెడుతోంది. అది చూస్తూ ఎంతసేపని కోపం నిలబెట్టుకుంటాను? ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం అవ్వే మెట్లెక్కి వచ్చింది. గుమ్మం దాటలేదు.

‘గా నీ దోస్తులున్నరు గదా. కన్నేసినోళ్ళే థూ అనాలె. అప్పుడే పోతది దిష్టి.’

‘వాళ్ళెక్కడో ఉంటారు అవ్వా.’

‘యాడున్నా నోరైతే ఉన్నది గదా. పేరు జెప్పి, ఊరు జెప్పి థూ అనమను. దొంగ పేరు జెప్తే పోదు.’

మాలో ఎవరూ అసలు పేర్లు చెప్పుకోమని, అది మా పద్ధతని వివరించాను. అవ్వ నా వంక వింతగా చూసింది.

‘పేరు దాసుకునేటోళ్ళకు నా బర్రెనెందుకు సూపెట్టినవ్ బిడ్డా?’

ఆమె చెప్పింది చెప్పినట్టు టపా రాసి పెట్టాను. అందరూ నవ్వుతారనుకున్నాను. మొట్టమొదట వచ్చింది విశాఖ మాస్టారే. ఆయనకు దిష్టి, వాస్తు, జాతకం అంటే మంట. వాటి మీద ఎవరైనా ఒక్క మాట రాస్తే పేజీలకు పేజీలు దులిపేవారు. ‘ఇది శుద్ధ మూఢనమ్మకం, నేను ఖండిస్తున్నాను’ అని రాసి, దాని కిందే తన అసలు పేరు, ఇంటిపేరుతో సహా, పుట్టిన ఊరు రాసి ‘థూ థూ థూ’ అన్నారు. ఆయన తరవాత ఇంకెవరికీ సిగ్గు లేకపోయింది. ఆటలో పెరుగన్నం బెల్లం దాకా చెప్పి ఆగినవాళ్ళు, గేదె కోసం పేర్లు, ఊర్లు, కొందరు తాతల పేర్లు కూడా చెప్పేశారు.

మర్నాడు సాయంత్రం దీపాలు పెట్టేవేళ అవ్వ గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని గేదె ముందు నిలబడింది. పక్కనే కుంపటి. కంప్యూటరు మా కిటికీ పక్కనే ఉండేది కాబట్టి, నేను పైనుంచి పేరూ ఊరూ చదివి థూ అని అరుస్తున్నాను, ఆమె కింద గుప్పెట తిప్పుతోంది. ముందు వాడవాళ్ళు నవ్వారు. కాసేపటికి వాళ్ళూ మాతోపాటు థూ అనడం మొదలుపెట్టారు. మావారు లోపలి గదిలోకి పోయి తలుపేసుకున్నారు.

చివర్లో మంచుగారి వ్యాఖ్య వచ్చింది. నేను చదవబోయి ఆగిపోయాను.

ముందు పేరు ఉంది. ఒక ముస్లిం ఆడమనిషి పేరు. ఆ కింద ఇలా ఉంది: ‘ఊరు చాంద్రాయణగుట్ట. చౌరస్తాలో మా ఆయనకు ఇంటర్నెట్ షాపు ఉంది. మధ్యాహ్నాలు నేను కూర్చుంటాను. పైన రేకులు. ఆ వేడిలో మంచు గురించి రాస్తే కొంచెం చల్లగా అనిపించేది. నేను మంచు ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు మా ఊళ్ళో తెలుగు మీడియంలో చదివాను, అందుకే తెలుగులో రాస్తాను. దొంగ ఊరు చెబితే ఆ మూగజీవికి మంచిది కాదని నిజం చెబుతున్నాను. థూ థూ థూ. ఇంక రాయడానికి నాకు మొహం లేదు. అందరికీ సలాం.’

ముందు నాకు కోపమే వచ్చింది. రెండేళ్ళు ఆ బూట్ల గురించి చదివి కుళ్ళుకున్నాను మరి. బస్సెక్కితే పోయి చూసి రాగలిగినంత దూరంలో కూర్చుని, నాలాగే చెమటలు కారుస్తూ రాసిందా అవన్నీ! ఆ తరవాత ఆమె రేకుల షాపు కళ్ళ ముందుకొచ్చి, కోపం ఎటుపోయిందో పోయింది. ‘మొహం లేదు’ అన్న ఆ మాట మటుకు గుచ్చుకుంది.

‘ఏందమ్మా ఆగినవ్? నిప్పు ఆరిపోతున్నది’ అని కింది నుంచి అవ్వ అరిచింది.

పేరు చదివాను. ఊరు చదివాను.

‘గీ ఆపాది చాంద్రాయణగుట్టనా?’ ముస్లిం ఆడవాళ్ళను ఆపా, అంటే అక్కా, అనే పిలిచే అవ్వ తలెత్తింది. ‘ఇంత దగ్గరి కన్నా! గందుకే గట్టిగ తగిలింది. థూ అను, థూ అను.’

గుప్పెట్లోని ఉప్పూ మిరపకాయలూ నిప్పుల్లో పడ్డాయి. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టట, వస్తే పోయినట్టట. వచ్చింది. వాకిలంతా ఒకటే దగ్గు. గేదె కూడా గట్టిగా తుమ్మి, ముందుకాళ్ళు మడిచి లేవబోయింది. మర్నాటికి నిలబడి కుడితి తాగింది. ఇంజక్షన్లు పనిచేశాయని మావారు అన్నారు. నేను అవునని అనలేదు, కాదని అనలేదు. మెట్ల మీద నా గిన్నె నిండి ఉంది, నాకదే చాలు.

కొన్నాళ్ళకు గేదె ఈనింది. తల్లీ దూడా బాగున్నాయి. మంచుగారి బ్లాగు మాత్రం ఆగిపోయింది. అవ్వ జున్ను వండిన రోజున నన్ను పిలిచి, ‘నజర్ తీసినోళ్ళకు జున్ను పెట్టాలె. దూరమోళ్ళు ఎట్లాగు రారు. గా ఆపానన్న పిలువు’ అంది. నేను మెయిల్ రాశాను. వస్తుందనుకోలేదు.

వచ్చింది. బురఖా వేసుకున్న సన్నటి మనిషి, నా ఈడే ఉంటుంది. గేటు దగ్గరే ఆగి, ఎవరినీ పలకరించకుండా ముందు గేదె వైపు తిరిగి మూడుసార్లు థూ అంది. రాసిన థూ పనిచేసిందో లేదోనని అనుమానమట. అవ్వకు ఆమె అప్పుడే నచ్చేసింది. ఇద్దరూ దక్కనీ ఉర్దూలో మాటలు కలుపుకున్నారు, నాకు సగమే అర్థమయ్యాయి. జున్ను తింటూ ఆమె నా వైపు మాత్రం చూడలేదు. నేనేమైనా అడుగుతానేమోనని భయపడుతోందని తెలిసింది.

పైకి వెళ్ళి ఫ్రీజర్లోంచి స్టీలు డబ్బా తెచ్చి ఆమె చేతుల్లో బోర్లించాను. రాళ్ళన్నీ అతుక్కుని ఒకటే ముద్దయ్యాయి. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. నీళ్ళు మోచేతుల మీదుగా కారుతున్నా వదల్లేదు.

‘ఇది మంచు కాదు లెండి, రాళ్ళవాన’ అన్నాను.

‘మంచు మీరు చూసినారా?’

‘లేదు.’

‘మరి కాదని ఎట్ల తెలుసు మీకు?’ అని మొదటిసారి నవ్వింది.

ఆ వారంలో ఆమె బ్లాగులో కొత్త టపా వచ్చింది. అందులో మంచు లేదు. రేకుల కింద మధ్యాహ్నం ఎలా ఉంటుందో, కీబోర్డు మీద చెమట ఎలా పడుతుందో రాసింది. పైన తన అసలు పేరు, చాంద్రాయణగుట్ట అని ఉంది. నేను అవ్వను పిలిచి చదివి వినిపించాను. అవ్వ అంతా విని, ‘ఎండల కూసునుడు కష్టమే. రేపటిసంది సల్ల పంపిస్తనని రాయి’ అంది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, ‘కింద నా పేరు రాయి, గౌలిపుర అని రాయి. మరి నీదేం పేరు రాస్తవ్?’ అని అడిగింది.

ఇంతమంది పేర్లు వాడంతా వినపడేలా అరిచిన నేను, నా పేరు మాత్రం వాళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. మజ్జిగ సంగతి రాసి, అవ్వ పేరు రాసి, దాని పక్కన నా పేరు రాశాను.