శేఖర్ చేసిన డీబగ్గర్, అత్త చాకీ గది

నిన్న మదనపల్లె బస్టాండులో ఫోన్ తీసి చూశాను. కాలేజీ గ్రూపులో ఒకటే లైన్.

మన మునిశేఖర్ ఇక లేడు.

వేరే శేఖర్ అయ్యుంటాడని పైకి స్క్రోల్ చేశాను. కింద మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. బైక్. లారీ. బైరెడ్డిపల్లె దాటాక.

నేను ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది.

కుప్పంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు శేఖర్ నా ల్యాబ్ పార్ట్‌నర్. తర్వాత అక్కడే ఉద్యోగంలో చేరాడు. నా కాన్వెంట్ పద్ధతులు చూసి "సిస్టరమ్మా" అని పిలిచేవాడు.

అతనికి పాత ప్రాసెసర్లంటే ఇష్టం. వాటి లోపలికి చూసి, ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిందో చెప్పే పరికరం డీబగ్గర్. పాత డీబగ్గర్లు పాత కంప్యూటర్ల ప్రింటర్ పోర్టుకే తగులుతాయి. ఇప్పటి లాప్‌టాప్‌లకు ఆ పోర్టే లేదు.

అందుకని యూఎస్‌బీకి తగిలేది ఇంట్లో తనే తయారు చేసుకున్నాడు. ఒక చిన్న బోర్డు, రిబ్బన్ కేబుల్, పైన సోపు డబ్బా.

దానితో మొదట పని పడింది పుంగనూరు దగ్గర వాళ్ళ నాగరత్నమ్మ అత్తకు. ఆమెకు చాకీ కేంద్రం ఉంది. పసి పట్టుపురుగులను కాస్త పెద్దయ్యేదాకా పెంచి రైతులకు ఇస్తుంది. ఆ గదిలో వేడి, తేమ చూసుకునే కంట్రోలర్ పెట్టె, పాత ప్రాసెసర్‌తో నడిచేది, ఉన్నట్టుండి ఆగిపోయేది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. తేమ తప్పితే పురుగులు దక్కవు.

నన్నూ తీసుకెళ్ళాడు.

"చెప్పులు ఆడే ఇడవండప్పా. కాళ్ళు మందునీళ్ళలో పెట్టి రాండి," అంది అత్త. వైర్లు చూసి, "ఏమప్పా, పురుగులకు సూది ఏస్తాండావా?"

"పురుగులకు కాదత్తా, పెట్టెకు. యాడ నొస్తాందో అదే చెప్తాది."

చెప్పింది. తేమ సెన్సార్ జవాబు కోసం ఎదురుచూస్తూ ప్రోగ్రామ్ అక్కడే నిలబడిపోయింది. చూస్తే సెన్సార్ పిన్నులు తెల్లగా తుప్పుపట్టి ఉన్నాయి. కొత్త విడత పురుగులు రాకముందు గదంతా బ్లీచింగ్ నీళ్ళతో కడుగుతారు. అత్త ఆ సెన్సార్‌ను కూడా వదలకుండా కడిగేది.

"శుభ్రం సేస్తే కూడా తప్పేనా?"

"నువ్వు తలంటు పోసినావత్తా. దానికి పడలేదు."

అత్త తువ్వాలు తీసి అతని వీపు మీద కొట్టింది.

సెన్సార్ మార్చాక బాగానే నడిచిన పెట్టె మొన్న శనివారం మళ్ళీ ఆగింది. అత్త ఫోన్ చేసింది. నిన్న పొద్దున్నే శేఖర్ కుప్పంలో బయలుదేరాడు.

ఈరోజు ఉదయం పుంగనూరులో అంత్యక్రియలు. అత్త గోడ పక్కన కూర్చుని ఉంది.

"పురుగుల కోసరం బిడ్డను పిలిపిస్తిని. నేను పిలవకుంటే యాల వస్తాడు?"

మళ్ళీ మళ్ళీ అదే మాట.

వచ్చినవాళ్ళలో కొందరు ఆమెకు వినపడేలాగే అన్నారు, "ఆ పెట్టె కోసరమే పాయ" అని. చాకీ గదిలో పురుగులకు పొరుగువాళ్ళే ఆకు వేస్తున్నారట. అత్త ఆ గుమ్మం తొక్కనంటోంది.

నాకొక విషయం తెలుసు. అంతమందిలో నోరు పెగల్లేదు. ఇక్కడ రాస్తున్నాను.

శుక్రవారం శేఖర్ నాకు ఫోన్ చేశాడు. అప్పటికి పెట్టె బాగానే ఉంది.

"ఆదివారం అత్త దగ్గరికి పోతాండా సిస్టరమ్మా. డీబగ్గర్‌కు కొత్త బోర్డు చేసినా. ఆడ తగిలించి సూడాల."

"పెట్టె బాగుంది కదా?"

"బాగుంటే నేనే ఆపి సూస్తా. అత్త తిడతాది. తిట్టి అన్నం పెడతాది."

అత్త ఫేస్‌బుక్ చూడదు. ఆమె దగ్గర ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదివి వినిపించండి. ఆ పెట్టె మాట దయచేసి ఇక ఎవరూ అనకండి.

అత్తా, మీరు పిలవకపోయినా నిన్న ఆ దారిలోనే వచ్చేవాడు.

వెళ్ళిరా శేఖర్. ఇక నిన్నేదీ తొందరపెట్టకూడదు. నెమ్మదిగా, హాయిగా ఉండు.