బందరు మేడం, తుఫాను పిట్ట

ఆదివారం పొద్దున సుచిత్ర చౌరస్తాలో చేపల దుకాణం ముందు నిలబడితే, ఐసుగడ్డల మీదుగా వచ్చే పచ్చి చేపల వాసనకు పక్కవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం నవ్వొస్తుంది. ఆ వాసన తగిలిందంటే చాలు, భ్రమరాంబ మేడం గుర్తొస్తారు.

మేడంది బందరు. సముద్రపు పక్షులకు వచ్చే జబ్బుల మీద పరిశోధన చేసేవారు. ఆమె ల్యాబ్ మాత్రం సముద్రానికి ఎంతో దూరంగా, శామీర్‌పేట రోడ్డు మీద ఉండేది. తీరంలో చచ్చి పడిన పక్షులు ఐసుపెట్టెల్లో మా దగ్గరికి వచ్చేవి. నేను పక్కనే లాల్‌గడి మలక్‌పేట్ రైతుల ఇంటి పిల్లను. పశువైద్యం చదివి ఉద్యోగం కోసం వెళ్ళినప్పుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ చెవిలో ఉంది.

"సముద్రం ఎప్పుడైనా చూశావామ్మా?"

"లేదు మేడం. మా ఊరి చెరువు తప్ప ఏం చూడలే."

"పర్లేదు. పక్షులు చూసే ఉంటాయిగా, వాటినే అడుగుదాం," అని పెద్దగా నవ్వేశారు. ఆ నవ్వు వరండా చివరిదాకా వినిపించేది.

ఆమెకు పక్షుల్ని 'అది' అనడం రాదు. చచ్చిన పక్షిని బల్ల మీద పెట్టినా "ఆయనగారు ఎక్కణ్ణుంచి వచ్చారు?" అనే అడిగేవారు. ఒకసారి ఒక పక్షి పొట్టలో ఉన్నదంతా జల్లెడలో పోసి నీళ్ళతో కడగమన్నారు. చేపముళ్ళు దొరుకుతాయనుకున్నాను. సీసా మూత ముక్కలు, వలతాడు పోగులు, షాంపూ పొట్లం చించిన మూల మిగిలాయి. "ఈయనగారి భోజనంలో మనింటి సరుకు ఎంతుందో చూశావా?" అన్నారు మేడం. ఎప్పుడూ నవ్వే మనిషి ఆ పూట మరి నవ్వలేదు. నేను జల్లెడను చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఆ తర్వాతి ఏడు బంగాళాఖాతంలో పెద్ద తుఫాను వచ్చింది. మా దగ్గర వాన వెలిసిన పొద్దున, శామీర్‌పేట చెరువు కట్ట మీద వింత పిట్ట పడి ఉందని ఫోన్ వచ్చింది. వెళ్ళేసరికి జనం మూగి ఉన్నారు. పైనంతా మసి నలుపు; పొట్ట, నుదురు తెలుపు. రెక్కలు పరిచి, ముక్కు తెరిచి రొప్పుతోంది. మేడం చూస్తూనే గుర్తుపట్టారు. నడిసముద్రం మీద బతికే టెర్న్ అనే పక్షి అది. ఏళ్ళ తరబడి నేల మీద వాలకుండా ఎగరగలదట. గాలివాన దాన్ని ఇంతదూరం మోసుకొచ్చి పడేసింది.

మేమిద్దరం గ్లౌజులు, మాస్కులు తొడుక్కోవడం చూసిన జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. కాసేపట్లోనే అది బర్డ్‌ఫ్లూ పిట్ట అయిపోయింది. చెరువు అవతల కోళ్ళషెడ్లున్న మా ఊరి యాదిరెడ్డి కాక ఉరుక్కుంటూ వచ్చాడు.

"మేడం, గీ పిట్టకు బీమారి లేదని ఒక్క మాట జెప్పుండ్రి. కోళ్ళు ఎక్కియ్యనీకి ఒచ్చిన లారీ వాపస్ పోతాంది. మస్తు పరేషాన్ల ఉన్న."

"చెప్పలేనండీ," అన్నారు మేడం. "నాకు ఇంకా తెలీదు."

"ఇంత సదువు సదివి తెల్వదంటరేంది!"

"పరీక్ష చేస్తే తెలుస్తుంది. తెలిసిన వెంటనే మొదట మీకే చెబుతాను. అప్పటిదాకా షెడ్లలోకి బయటివాళ్ళను రానివ్వకండి. గుమ్మం దగ్గర మందునీళ్ళు పెట్టి, కాళ్ళు అందులో ముంచి లోపలికి వెళ్ళండి."

కాక నా వైపు తిరిగాడు. "నువ్వన్న జెప్పు బిడ్డా." నేను పిట్టను పెట్టెలోకి ఎత్తాను. లారీ వెళ్ళిపోయింది.

జీపులో నాకు కోపం ఆగలేదు. "అది ఆకలితో పడిపోయిందని మీకూ అనిపిస్తాంది గద మేడం. చెబితే ఏమయ్యేది?"

"అనిపించింది. తెలియలేదు," అన్నారామె. "నాకు అనిపించినదాన్ని పట్టుకుని ఆయన లారీ నింపాడే అనుకో. రేపు నా మాట తప్పని తేలితే, ఆ తర్వాత మనం నిజం చెప్పినా ఎవరు వింటారమ్మా?"

అటవీశాఖ వాళ్ళ అనుమతితో పక్షిని వేరే గదిలో ఉంచాం. గొంతులోంచి, తోక కిందనుంచి దూదిపుల్లలతో నమూనాలు తీసి పరీక్షకు పంపాం. మొదట సన్నని గొట్టంతో ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు పట్టాం, కాస్త తేరుకున్నాక చిన్నచేపలు పెట్టాం. ఆ చేపలు సుచిత్ర నుంచి మేడమే స్కూటర్ మీద తెచ్చేవారు. ఆమె హెల్మెట్‌కు కూడా ఆ వాసనే. "ఆయనగారు అలిగారు, నువ్వు పెట్టు," అని నా చేతికిచ్చి, నా వేలిని అది పొడిస్తే పగలబడి నవ్వేవారు.

ఫలితం వచ్చింది. జబ్బు లేదు. నేను ఫోన్ తీయబోతే మేడం ఆపారు. "తెలీదని చెప్పడానికి ఎదురుగా నిలబడ్డాం. మంచి కబురు ఫోన్లో చెబుతామా?" షెడ్ల దగ్గరికి వెళ్ళి, గేటు బయటే నిలబడి చెప్పారు. కాక లోపలికి కేకేసి చాయ్ తెప్పించాడు. ఫలితం కాయితం చూపించాక లారీ మళ్ళీ వచ్చిందని మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు.

"ఇగ గా పిట్టను దర్యా కాడికి ఎట్ల తోల్కపోతరు?" అని అడిగాడు. మా జీపు సముద్రం దాకా వెళ్ళేది కాదు. "నా బండి లేదా? నేనే నడుపుత," అన్నాడు.

అలా ఒక పక్షి, బందరు మేడం, కోళ్ళ యాదిరెడ్డి కాక, నేను కలిసి బాపట్ల దిక్కు బయలుదేరాం. దారంతా వాళ్ళిద్దరూ బందరు చేపల పులుసు గొప్పదా, మా నాటుకోడి కూర గొప్పదా అని వాదించుకున్నారు. ఇసుకలో దిగాక సముద్రం చూసి నేను నడవడం మరిచిపోయాను. మేడం పెట్టె మూత తీశారు. పక్షి ఒక్కక్షణం గాలిని చూసుకుంది. రెక్క విప్పింది, అంతే, అలల మీదుగా వెళ్ళిపోయింది. కాక చప్పట్లు కొట్టాడు. "సల్లగుండు కొడుకా!" అని అరిచాడు. మేడం నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

ఆమె రిటైరై బందరు వెళ్ళిపోయారు. ఆ ల్యాబ్ ఇప్పుడు నేను చూస్తున్నాను. ఆమె దగ్గర పక్షుల గురించి ఎంతో నేర్చుకున్నాను గానీ, నన్ను నిలబెడుతున్నది మాత్రం చెరువు కట్ట మీద ఆమె అన్న 'నాకు ఇంకా తెలీదు' అనే ఆ మాటే. మొన్న చలికాలం మేడ్చల్ దగ్గర బాతులు పెంచే ఒకావిడ ఇంటికి, ఆమె బాతులకు బర్డ్‌ఫ్లూ ఉందన్న చెడ్డ కబురు మోసుకుని వెళ్ళాల్సి వచ్చింది. ముందురోజు ఆమె ఎంత అడిగినా ఇంకా తెలీదనే చెప్పాను. కబురు విని ఆవిడ అరుగు మీద కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుని, లోపలికెళ్ళి నాకు చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"నిన్న తెల్వదన్నవ్. ఇయ్యాల తెలిసిందని నువ్వే ఒచ్చినవ్," అంది. "ఇగ ఏం జెయ్యాల్నో జెప్పు బిడ్డా, జేస్త."

నేను ఆ నీళ్ళు తాగి, ఆవిడ పక్కనే అరుగు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను.