కాళ్ల బిస్కెట్

ఎనభైల మొదట్లో, అమెరికాలోని క్యారీ అనే ఊళ్లో, మా వీధిలో కారు వాడని మనిషి ఆయనొక్కరే. మావారి ల్యాబ్‌లో సీనియర్. ఎండైనా చలైనా సైకిలే.

ఆ ల్యాబ్‌లోని డచ్చాయన హాలండ్‌లో తన ఊరెళ్లినప్పుడల్లా బిస్కెట్లు తెచ్చేవాడు. రెండు పల్చటి రేకుల మధ్య కారమెల్ పాకం. మా సైకిలాయన వాటిలో మెత్తటివీ గట్టివీ మాకు పంచుతూ పాఠం చెప్పేవారు. మెత్తటిదాన్ని వేడి కాఫీ కప్పు మీద మూతలా పెట్టి, పాకం కరిగాక తినాలి. గట్టిదాన్ని జేబులో వేసుకుని, సైకిల్ మీద ఎత్తు ఎక్కేముందు నమలాలి.

"ఇది నోటికమ్మా, అది కాళ్లకి."

విని విని నాకు విసుగొచ్చేది.

ఆయన భార్య జబ్బుపడి హాస్పిటల్లో ఉన్నన్నాళ్లూ సాయంత్రాలు అక్కడికీ సైకిల్ మీదే వెళ్లారు. "నేను డ్రైవ్ చేస్తాను అన్నయ్యగారూ" అంటే, "తొక్కుతుంటే ఆలోచనలు రావమ్మా" అనేవారు.

ఆవిడ అంత్యక్రియలైన మర్నాడు మా వంటింట్లోకొచ్చి కుర్చీలో కూలబడ్డారు. కాఫీ ఇచ్చి, కప్పు మీద మెత్తటి బిస్కెట్ పెట్టాను. పాకం కరిగి అంచుల వెంట కారుతున్నా ముట్టుకోలేదు.

"ఇది వద్దమ్మా. కాళ్లది ఉంటే ఇయ్యి."

"ఇప్పుడెక్కడికి అన్నయ్యగారూ?"

"ఇంటికెళ్లాలి కదమ్మా."

ఆయనది మా ఎదురిల్లే.