నీలికొండ మీద ముప్పై ఒక్క అడుగులు

కువైట్ పట్నానికి దక్షిణాన ఉన్న ఫింటాస్‌లో మా వంటింటి అలమరలో ఇక మిగిలినవి బియ్యం నాలుగు కిలోలు, కందిపప్పు కిలోంబావు, ఒక తేనె సీసా. ఈరోజు 1990 సెప్టెంబరు పదిహేడు, సోమవారం. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నలభై ఏడో రోజు. ఎల్లుండి జోర్డాన్‌కు పోయే బస్సు ఎక్కాలి, మనిషికి ఒక్క సంచీ. తేనె ఎవరికివ్వాలో తేలక పొద్దున మూత తీసి చూశాను. వీధిలో ఎవరూ ఎత్తని చెత్త కాలుతున్న పొగను దాటి ఆ వాసన ముక్కుకు తగలగానే, యాభై మూడేళ్ల కిందట, ఎనిమిదేళ్ల పిల్లగా మడగాస్కర్‌లో తేనె కుండ పట్టుకుని కొండెక్కుతున్న నన్ను నేను చూశాను.

మా నాన్న కోరంగిలో ఓడలు కట్టే వడ్రంగుల ఇంటివాడు. అక్కడ పని సన్నగిల్లాక మారిషస్ వెళ్లి, అక్కడి నుంచి మడగాస్కర్ చేరి, తాననరివ్ పట్నంలో ఒక గుజరాతీ వ్యాపారి ఇళ్లకు కొయ్యపని చేసేవాడు. మేం అక్కడున్నది నాలుగేళ్ల రెండు నెలలు. ఎర్రమట్టి ఇళ్లు, వరిమళ్ల పక్కన ఇటుక బట్టీల పొగ, అక్టోబరు వస్తే చెట్లనిండా ఊదా పూలు, రాళ్లను మనుషులుగా నిలబెట్టి ఇంకో రాయితో తడుతూ కథ నడిపించే ఆడపిల్లల ఆట. అన్నం మాడిన గిన్నెలోనే నీళ్లు పోసి కాచి తాగడం అక్కడి అలవాటు. అమ్మ ముక్కు మూసుకునేది గానీ నాన్నకు ఆ నీళ్లే ఇష్టం. “మాడిందని పారబోత్తే నువ్వొండిందంతా పారబొయ్యాలి గదే” అని నవ్వేవాడు.

మా బట్టలుతికే రసువా కోతలయ్యాక చలి రోజుల్లో ఏటా నన్ను అంబూహిమంగకు తీసుకెళ్లేది. ఆ మాటకు నీలికొండ అని అర్థం. అక్కడ వాళ్ల రాజుల, రాణుల సమాధులుండేవి. తెల్లవారకముందే బయల్దేరేవాళ్లం, నా చేతిలో చిన్న తేనె కుండ, రసువా నెత్తిన అరటాకులో కట్టిన అన్నం, వాళ్లమ్మ చంకలో రమ్ము బుడ్డి. పంది మాంసం ఆ కొండకు నిషేధం కాబట్టి ముసలామె నా తిండి మూట విప్పి వాసన చూసేది, మా ఇంట్లో పంది తినరని ఏటా చెప్పినా వినేది కాదు. పైన నల్లటి కొయ్యతో కట్టిన రాజుగారి ఇంట్లోకి కుడికాలు పెట్టి వెళ్లి, వెనకడుగులు వేస్తూ బయటికి రావాలి. సమాధుల దగ్గరా అంతే. నిజానికి అక్కడ సమాధులు లేవు. ఫ్రెంచివాళ్లు వాటిని పడగొట్టి, ఎముకలను పట్నానికి మోసుకుపోయి నలభై ఏళ్లయిందట. జనం ఆ ఖాళీ నేలకే తేనె పోసి, ఇంట్లో ఎవరికి జ్వరమో, ఎవరికి పెళ్లో చెప్పుకునేవారు.

మొదటి ఏడు నేను తప్పు చేశాను. శ్మశానం నుంచి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదని అమ్మ నేర్పింది. “చూసేవంటే నీ కూడా వచ్చేత్తారే” అనేది. అందుకని అందరూ వెనకడుగులు వేస్తుంటే నేను గిరుక్కున తిరిగి గోడ దాకా పరుగెత్తాను. రసువా నా చెయ్యి పట్టుకుని గోడ చాటుకు తీసుకెళ్లింది.

“వాళ్లకు వీపు చూపించావు.”

“ఎముకలు లేవన్నావుగా.”

“నిన్ను చూడటానికి ఎముకలెందుకు?” అంది. ఆ రోజే దిద్దుకోకూడదట. “వచ్చే ఏడు రా. తప్పు చెప్పుకుందువు గాని.”

ఆ ఏడాదంతా నాకు నిద్ర సరిగా పట్టలేదు. మరుసటి ఏడు తేనె పోసి, తప్పు చెప్పుకుని, ముప్పై ఒక్క అడుగులు వెనక్కి నడిచి గోడను వీపుతో తాకాను. రసువా నవ్వింది. దేనికైనా వచ్చే ఏడు ఉంటుందని నేను నేర్చుకున్నది ఆ గోడ దగ్గరే.

మా ఆయన ఈ దేశంలో ఇరవై మూడేళ్లు ఒక గిడ్డంగి చూసుకుని, ఆగస్టు ఇరవైన గుండె ఆగి పోయారు. ఇక్కడ పోయిన మనవాళ్లను విమానంలో ఇంటికి పంపుతారు, అక్కడ కాలుస్తారు. విమానాలు లేవు. ఆస్పత్రిలో శవం ఉంచే చోటు లేదన్నారు. కింది వాటాలో ఉండే కడప డ్రైవరు నరసింహులు, ఇద్దరు కరీంనగర్ కూలీలు కలిసి ఇరవై రెండో తేదీన ఊరికి ఉత్తరాన ఇసుకలో పూడ్చారు. గుర్తుగా చెక్క ముక్క మీద నేనే పెన్సిలుతో పేరు, తేదీ రాశాను.

“యల్లా, పా పెద్దమ్మా,” అన్నాడు నరసింహులు. “ఎనక్కి తిరిగి సూడగాకు. పెద్దాయన పానం ఈడనే చిక్కుకుంటాది.”

అమ్మ మాటే మళ్లీ విన్నట్టయింది. అరవై ఒక్క ఏళ్ల దాన్ని, వీపు చూపకూడదని తెలిసిన దాన్ని, అటు తిరిగి నడిచాను. కారు దాకా యాభై ఆరు అడుగులు. ఒక్కసారి కూడా చూడలేదు.

మొన్న నరసింహులును అడిగాను, ఒక్కసారి తీసుకెళ్లమని.

“ఆడికి పొయ్యి ఏం జేస్తావు పెద్దమ్మా?”

“ఊరికే నిలబడి వస్తాను.”

“నిన్న ఆ దావలోనే ఒగని బండి గుంజుకున్యారు, వాన్ని గూడా. ఆయప్ప యాడికన్నా పోతాడా? నువ్వే గదా పోయేది. ఖలాస్, మర్సిపో.”

అతనికి ఇద్దరు పిల్లలు. మళ్లీ అడగలేదు.

నాన్న ఉలులు ఇప్పుడు ఏ ఇంట్లో ఉన్నాయో తెలియదు. రసువా ఉంటే తొంభై దాటి ఉంటుంది, ఉండదు. ఆ కొండ మీద ఎముకలు లేకపోయినా నేల ఉండేది, గోడ ఉండేది, దారి చూపే మనిషి ఉండేది. ఇక్కడ ఎముకలున్నాయి. పెన్సిలు రాత గాలికి ఎన్నాళ్లుంటుంది? నన్ను ఈ దేశంలోకి మళ్లీ రానిచ్చే కాగితం ఆయన పేరు మీదే ఉండేది.

తేనె నరసింహులు పిల్లలకు ఇచ్చేశాను. ఎల్లుండి బస్సు ఇక్కడి నుంచి ఉత్తరానికే పోతుంది. ఆయన్ని పూడ్చిన ఆ ఇసుక వచ్చేదాకా నా ముఖం అటే ఉంటుంది. దాటాక, జోర్డాన్ దాకా వీపే.